బండికి మీసాలు

"డెఫినిట్లీ మేల్". 2001 నవంబరులో బజాజ్ వాళ్ళు పల్సర్‌ని మార్కెట్లోకి వదిలినప్పుడు దానికి తగిలించిన నినాదం ఇది. మన భాషలో చెప్పుకోవాలంటే "ముమ్మాటికీ మగాడే" అన్నమాట. ఇంతకీ అందులో ఉన్నవేమిటి? 150 సీసీదో 180 సీసీదో ఒక ఇంజను, లావుపాటి పెట్రోలు ట్యాంకు, ముందు చక్రానికి డిస్కు బ్రేకు. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ వెలగబెట్టినవాణ్ణి కదా అని ఎంత వెతికినా ఇందులో మగతనం ఏ పార్టులో ఉందో నాకు దొరకలేదు. వైర్లకి మేల్ కనెక్టర్, ఫిమేల్ కనెక్టర్ అని ఉంటాయి గానీ, ఆ లెక్కన చూస్తే ప్రతి బండిలోనూ రెండూ ఉంటాయి :)

పైగా మన వ్యాకరణం కూడా దీనికి ఒప్పుకోదు. "అతను వచ్చాడు" అంటాం. "ఆమె వచ్చింది" అంటాం. "బండి వచ్చింది" అంటాం. చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పిన మహత్తు, అమహత్తు గుర్తున్నాయా? ఏకవచనంలో క్రియాపదం దగ్గరికొచ్చేసరికి తెలుగు ఆడమనిషినీ బండినీ ఒకే గాటన కట్టేసింది. ఎంత వీరాభిమాని అయినా "పల్సర్ వచ్చాడు" అనడు. అలాంటి అమహత్తుని తీసుకుని దానికి మీసాలు మొలిపించడానికి ప్రకటనల వాళ్ళు దాదాపు నలభై ఏళ్ళు కష్టపడ్డారు. ఆ కష్టం కథే ఈ టపా.

కథ ఎక్కడైనా చెప్పొచ్చు గానీ నేను మా గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల మీదుగా చెబుతాను. (2022లో జిల్లాలు విడగొట్టాక మా వైపు పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడా వచ్చాయి. అలవాటు కొద్దీ పాత పేర్లే వాడుతున్నాను.) నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ ప్రకటనలు మగవాళ్ళకి బండ్లు అమ్మడంతో ఆగలేదు. ఇంట్లో తాళంచెవి ఎవరి జేబులో ఉండాలో కూడా చెప్పాయి. ఆ బండి కొన్న డబ్బు ఏ చేతుల మీదుగా వచ్చిందో ఆ చేతుల్ని మాత్రం బొమ్మలోంచి తీసేశాయి.

మోటార్లు రాకముందు మా వైపు మగతనానికి గుర్తు ఎద్దు. ఒంగోలు గిత్త సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన దగ్గర్నుంచి ఓడలెక్కి బ్రెజిల్ వెళ్ళి అక్కడ "నెలోర్" పేరుతో స్థిరపడిపోయింది. ఆ పేరు మన నెల్లూరే. సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్ళకీ మా వైపు బండలాగుడు పందేలు ఇప్పటికీ జరుగుతాయి. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని ఎద్దుల వయసుని బట్టి పోటీలు. బండ బరువు ఇంత, టైము ఇన్ని నిమిషాలు, లాగిన దూరం ఇన్ని అడుగులు. ఇది మన తాతల కాలం నాటి స్పెక్ షీటు. మైకులో మాత్రం మారుమోగేది ఎద్దు పేరు కాదు, దాని యజమాని పేరూ, ఊరి పేరూ. లాగింది ఎద్దు, మీసం దువ్వింది మనిషి.

ఇక్కడే ఒక సంగతి గమనించండి. ఆ ఎద్దుకి ఉలవలు ఉడకబెట్టింది, కుడితి పెట్టింది, కొట్టం ఊడ్చి పేడ ఎత్తింది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు. మైకులో వాళ్ళ పేరు రాదు. తర్వాత వచ్చిన బండ్ల ప్రకటనలకి అచ్చు ఇక్కడే తయారైంది. కంపెనీలు ఆకాశంలోంచి కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. పల్లెలో ముందే ఉన్న గర్వాన్ని తీసుకుని దానికి ధర పట్టీ కట్టాయి. ఎద్దు పోయింది గానీ పోలిక పోలేదు. 2013లో మిర్చి యార్డు నేపథ్యంలో తీసిన సినిమాకి కూడా "ఒంగోలు గిత్త" అనే పేరు పెట్టుకున్నారు. గిత్త అంటే అందులో హీరో.

అన్నట్టు "హార్స్ పవర్" అనే కొలత కూడా ఒక రకంగా ప్రకటనే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాల్ని అమ్ముకోవడానికి, "ఇది ఇన్ని గుర్రాల పని చేస్తుంది" అని కొనేవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాల్సి వచ్చింది. ఆ కొలతే ఇప్పటికీ ట్రాక్టరు బ్రోచర్ల మీద ఉంది.

సరే, మోటార్ల దగ్గరికొద్దాం. మద్రాసు ఉత్తరపు కొసన తిరువొత్తియూరు అని ఒక పేట ఉంది. 1946లో అక్కడ ఒక షెడ్డులో కె.ఎం.మామ్మెన్ మాప్పిళ్ళై పిల్లల బెలూన్లు తయారుచేయడం మొదలుపెట్టారు. అదే ఎమ్మారెఫ్. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. దాని ఫ్యాక్టరీ కూడా తిరువొత్తియూరులోనే. మన దేశంలో బండి మగతనానికి రెండు పెద్ద గుర్తులు ఒకే పేట నుంచి వచ్చాయన్నమాట.

బెలూన్ల కంపెనీ టైర్ల కంపెనీ అయ్యాక దానికి ఒక బొమ్మ కావాల్సి వచ్చింది. 1964లో ప్రకటనల రంగంలో పేరుమోసిన అలీక్ పదంసీ కండలు తిరిగిన మగాడు టైరుని రెండు చేతులతో పైకెత్తిన బొమ్మ ఇచ్చారు. అదే మజిల్‌మ్యాన్. ఆలోచించి చూస్తే ఇది తెలివైన పనే. రబ్బరు నాణ్యత బొమ్మలో కనబడదు. లారీ డ్రైవరు కోరుకునేది బరువుకి తట్టుకునే టైరు. ఆ కోరికకి ఒక శరీరం కావాలి. అప్పటినుంచి మా చిలకలూరిపేట హైవే మీద పంక్చర్ షాపుల నుదుటి మీద ఆ పహిల్వాను కాపలా కాస్తూనే ఉన్నాడు. తర్వాత వాళ్ళ ఫ్యాక్టరీ ఒకటి మన సదాశివపేటకీ వచ్చింది.

ఎన్‌ఫీల్డ్‌ది ఇంకో దారి. దాని ఇంగ్లండు పుట్టింటికి ఆయుధాల విడిభాగాలతో సంబంధం ఉండేది కాబట్టి గుర్తులో ఫిరంగి ఉంది, నినాదం "తుపాకీలా తయారైంది" అని. బండి పేరేమో బుల్లెట్. 1950ల్లో మన సైన్యం కొనడంతో ఆ పేరు సార్థకమైంది. ఊళ్ళో బుల్లెట్ చప్పుడు వినబడిందంటే వచ్చేది ఎస్సైగారో, ఊరి మోతుబరో అన్న లెక్క. కంపెనీ డబ్బు పెట్టి చేయించుకోనవసరం లేని ప్రకటన అది. పెత్తనమే దానికి ప్రచారం చేసిపెట్టింది.

మరి మా పల్లెల్లో వీటిని కొనే డబ్బు ఎక్కడిది? 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలవలకి నీళ్ళు వదిలారు. కుడికాలవ గుంటూరు, ప్రకాశం మెట్టల్లోకి వచ్చింది. నీళ్ళతో పాటు హైబ్రిడ్ పత్తి, మిరప, వాటితో ఎరువుల కొట్లు, పురుగుమందుల కొట్లు, అప్పులు, పంట బాగా పండిన ఏడు చేతిలో నాలుగు డబ్బులు. వాటి వెనకే ట్రాక్టర్లు.

ట్రాక్టర్ల పేర్లు ఎప్పుడైనా వరసగా చదివారా? భూమిపుత్ర. అర్జున్. సర్పంచ్. సికందర్. మహాశక్తి. ఒకడు భూమికి కొడుకు, ఒకడు విలుకాడు, ఒకడు ఊరి పెద్ద, ఒకడు ప్రపంచాన్ని జయించిన రాజు. చివరి పేరులో మాత్రం అమ్మవారు ఉంది గానీ, బొమ్మలో స్టీరింగు పట్టుకున్నది మామూలుగా తలపాగా చుట్టిన మగాడే. "సర్పంచ్" పేరు దగ్గర నాకు నవ్వొస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకొచ్చినప్పటినుంచి పంచాయతీల్లో మూడోవంతు ఆడవాళ్ళకి దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎన్నికలకల్లా అది సగమైంది. అంటే సగం ఊళ్ళలో సర్పంచ్ ఆడమనిషే. బానెట్ మీది సర్పంచ్ మాత్రం ఇంకా మీసాలతోనే ఉన్నాడు.

ఇహ రెండు చక్రాల బండ్లు. మన నాన్నల తరానికి బండి అంటే చేతక్. 1972లో వచ్చింది. రాణా ప్రతాప్ యుద్ధగుర్రం పేరు పెట్టారు గానీ దానిమీద జరిగిన యుద్ధాలన్నీ కూరగాయల సంచీలతోనే. లైసెన్సుల రాజ్యంలో బండి బుక్ చేసుకుని ఏళ్ళకేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చేది. సరుకు దొరకనప్పుడు దాన్ని మగాడని పొగిడి అమ్మాల్సిన పనేముంది? 1989లో "హమారా బజాజ్" ప్రకటన దూరదర్శన్‌లో వచ్చినప్పుడు కూడా అది "మన" బండి అంది, "మగాడి" బండి అనలేదు.

అలాగని అప్పుడు అంతా సమానంగా ఉందని కాదు. రోడ్డు మీద సీటింగ్ అమరిక గుర్తుతెచ్చుకోండి. ముందు నిలబడ్డ పిల్లాడు, హ్యాండిల్ పట్టుకున్న నాన్న, వెనక ఒకవైపుకి కాళ్ళేసుకుని కూర్చున్న అమ్మ, అమ్మ ఒళ్ళో పాప. సరిగ్గా అదే 1989లో వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన అని ఒకటుంది. వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలంటుంది. చట్టంలో ఆడా మగా ప్రస్తావన లేదు. జనం మాత్రం దానికి "శారీ గార్డు" అని పేరు పెట్టేశారు. బండి కొన్న వారానికే దాన్ని ఊడదీయించేసే కుర్రాళ్ళు మా కాలేజీలో చాలామంది ఉండేవారు. "లుక్ పోతుంది మామా" అనేవాళ్ళు. వెనక కూర్చునే అమ్మ చీర కొంగు కన్నా లుక్ ముఖ్యమని వాళ్ళకి ఎవరు నేర్పారు?

అది నేర్పింది పోటీ. 1980ల మధ్యలో జపాను కంపెనీలతో కలిసి 100 సీసీ బండ్లు వచ్చాయి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. దాని ప్రచారమంతా మైలేజీ మీదే: పెట్రోలు పోయించు, మూత పెట్టు, మర్చిపో. ఇదీ మగవాళ్ళ కోసమే గానీ, ఇక్కడి మగవాడు జమాఖర్చులు రాసుకునే మగవాడు. మా నాన్నలాంటివాళ్ళన్నమాట. పదిహేనేళ్ళు తిరిగేసరికి జనం స్కూటర్లు వదిలి మోటార్ సైకిళ్ళకి మారిపోయారు. స్కూటర్ల రాజు బజాజ్ వెనకబడింది. ఆ కంపెనీకి అప్పుడు కావాల్సింది తన సంసారపు స్కూటర్ ముఖాన్ని ఒక్క దెబ్బతో చెరిపేసుకోవడం. "డెఫినిట్లీ మేల్" అక్కడ పుట్టింది. అది వినేవాడికి "ఇది మీ నాన్న స్కూటర్ కాదు" అని చెప్పింది. "ఇది మీ అమ్మ కూర్చునే సీటు కాదు" అని కూడా చెప్పింది, పైకి అనకుండానే.

ఇందులో తమాషా ఒకటుంది. అంతకుముందు 1984లో వచ్చిన కైనెటిక్ హోండాకి గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టయ్యేది. కిక్ కొట్టక్కర్లేదు కాబట్టి "ఆడవాళ్ళ బండి" అని చాలామంది తీసిపారేశారు. ముమ్మాటికీ మగాడైన పల్సర్ 180కి ఉన్నదేమిటి? సెల్ఫ్ స్టార్టే! అదే బటను. ముద్ర మారింది కాబట్టి ఇప్పుడది సౌకర్యం అయింది.

ఇది మనకే ప్రత్యేకం కూడా కాదు. వందేళ్ళ కింద అమెరికాలో పెట్రోలు కారుని ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాల్సి వచ్చేది, చేతులు విరిగేవి. పొగా చప్పుడూ లేని ఎలక్ట్రిక్ కార్లని అప్పుడు ఆడవాళ్ళ కార్లుగా ప్రచారం చేశారు. పెట్రోలు కార్ల మారాజు హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా స్వయంగా నడిపింది 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారు. 1912 మోడల్ కాడిలాక్‌కి చార్లెస్ కెటెరింగ్ తయారుచేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక, ఆ "ఆడవాళ్ళ సౌకర్యం" మగవాళ్ళ కార్లన్నిటిలోకీ మెల్లగా చేరిపోయింది. ఎలక్ట్రిక్ కారు మాత్రం ఆ ముద్రతోనే మూలపడింది. బ్యాటరీ బలహీనత, ధర కూడా కారణాలే అనుకోండి. కానీ పనికొచ్చే టెక్నాలజీకి ఆడముద్ర పడితే దాన్ని మగవాళ్ళు కొనడానికి జంకుతారన్నది కంపెనీలు అప్పుడే నేర్చుకున్న పాఠం.

వేరే దారి లేదా అంటే ఉంది. 1960ల మొదట్లో అదే అమెరికాలో మోటార్ సైకిల్ అంటే తోలు కోటు వేసుకున్న రౌడీ అనే పేరుండగా, హోండా వాళ్ళు తమ చిన్న బండి మీద మామూలు మనుషుల్ని, ఆడా మగా అందర్నీ కూర్చోబెట్టి "హోండా మీద మీకు మంచి మనుషులు తారసపడతారు" అని ప్రచారం చేశారు. బ్రహ్మాండంగా అమ్ముకున్నారు. కాబట్టి "మగతనం చూపిస్తేనే అమ్ముడవుతుంది" అనేది భౌతికశాస్త్ర నియమం కాదు.

మన దగ్గర ఆడవాళ్ళకీ బండ్లు వచ్చాయి కదా అంటారా. వచ్చాయి. 1990ల మధ్యలో స్కూటీ వచ్చింది, ఆ తర్వాత ప్రీతి జింటాతో స్కూటీ పెప్. 2005-06లో హీరో హోండా ప్లెజర్, ప్రియాంకా చోప్రా, "సరదా అంతా మగపిల్లలకేనా?" అనే నినాదం. ఈ బండ్లు ఎంతమంది ఆడపిల్లల్ని కాలేజీ దాకా, ఉద్యోగం దాకా తీసుకెళ్ళాయో తక్కువచేసి చెప్పను. మా అక్క ఇంటర్ చదివింది స్కూటీ మీదే. కానీ ఆ నినాదాన్ని ఇంకోసారి చదవండి. బండి అసలు ఓనరు మగపిల్లాడు, ఆడపిల్ల అందులో వాటా అడుగుతోంది. రంగులు, బరువు, చప్పుడు అన్నీ "అది కానిది" అనే లెక్కన తయారయ్యాయి. ఫలితం ఏమిటంటే స్కూటీ ఎక్కిన మగపిల్లాణ్ణి హాస్టల్లో వారం రోజులు ఏడిపించేవాళ్ళు.

ఇంత గోలలో మా చేలల్లో నిజంగా పనిచేసిన బండి ఇంకోటి. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50, దాని తర్వాతి ఎక్సెల్. ముందు ఎరువు బస్తా, వెనక పచ్చిగడ్డి మోపు, పక్కన పాల క్యాను, హ్యాండిల్‌కి స్ప్రేయరు. మిరపకాయల కల్లం దగ్గర పొద్దున్నే చూడండి, పది బండ్లుంటే అందులో సగం అవే ఉంటాయి. పాలు పోసే ఆవిడా నడుపుతుంది, డెబ్భై ఏళ్ళ తాతా నడుపుతాడు. దీనికి మగా ఆడా ముద్ర గట్టిగా పడలేదు. కానీ ఏ పెళ్ళికొడుకూ కట్నంలో ఎక్సెల్ అడిగినట్టు నేను వినలేదు.

కట్నం మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికొస్తాను. ప్రకటనలో కుర్రాడు బండిని చూస్తాడు, మోజుపడతాడు, ఎక్కి వెళ్ళిపోతాడు. డబ్బు ఎవరు కట్టారో చూపించరు. మా వైపు చాలా పెళ్ళిళ్ళలో అది మామగారు కట్టారు. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది, అయినా "బండి పెడుతున్నారా?" అనేది మాటల మధ్యలో మామూలు ప్రశ్న. ఒకప్పుడు చేతక్, తర్వాత హీరో హోండా, ఆ తర్వాత పల్సర్, ఇప్పుడు బుల్లెట్. మా అక్క పెళ్ళిలోనూ బండి మాట వచ్చింది. ఆ ఏడు కాయ అమ్మిన డబ్బు చాలా భాగం దానికే పోయింది. స్కూటీ మాత్రం అక్కతో వెళ్ళలేదు. "అక్కడ బండి ఉందిగా" అన్నారు. ఉంది, వెనక సీటు.

ఒక చిన్న లెక్క వేద్దాం, మనకి అలవాటే కదా. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. లక్షన్నర పెట్టి బండి కొన్నారనుకోండి. ఆ ధరకి పన్నెండున్నర క్వింటాళ్ళకి పైగా ఎండుమిరప అమ్మాలి. గుంటూరు యార్డు భాషలో చెప్పాలంటే సుమారు ముప్పై టిక్కీలు. ఇది పెట్టుబడి తీసెయ్యని లెక్క. ఆ ముప్పై టిక్కీల్లో ఒక్కో కాయా మనిషి చేత్తో కోసిందే. కోసేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళు. కల్లంలో ఎండబెట్టి, తాలుకాయ ఏరి, తొడిమలు తీసేదీ వాళ్ళే. పత్తి తీత కూడా అంతే. ఘాటుకి చేతులు మండుతుంటే రాత్రి అన్నం కలుపుకోవడానికి ఇబ్బందిపడే మా అమ్మని చూస్తూ పెరిగాను నేను. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టేసి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న రోజులు మా పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే. పంట పోయిన ఏడు కూడా పెళ్ళి మాటల్లో బండి మాట తగ్గదు. "మగాడికి బండి లేకపోతే ఎలా" అన్న ఒక్క వాక్యం ముందు ఏ అప్పు లెక్కా నిలబడదు. అలా ఈ మగతనపు బిల్లు ఆడవాళ్ళ మీదే కాదు, కూతురున్న మగవాడి మీద కూడా పడుతుంది.

మరి ఆ కోసే ఆడవాళ్ళు చేలకి ఎలా వెళతారు? వాళ్ళ పేరున బండి ఉండదు, నడపడం నేర్పినవాడూ ఉండడు. ట్రాక్టరు వెనక ట్రక్కులోనో, ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదిమందికి పైగానో వెళతారు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరపకోతకి వెళ్ళి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. కనీసం తొమ్మిదిమంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. 2023 మే 17న పల్నాడు జిల్లా దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర నల్గొండ వైపు నుంచి కూలికి వస్తున్న ఆటోని లారీ ఢీకొంటే ఆరుగురు ఆడకూలీలు పోయారు. ట్రాక్టరు ప్రకటనలో ఎప్పుడైనా ట్రక్కుని దగ్గరగా చూపించారా? స్టీరింగు దగ్గరున్నవాడి ఛాతీ చూపిస్తారు, వెనక నిలబడ్డవాళ్ళు పట్టుకోవడానికి ఏముందో చూపించరు. మోటార్ సైకిల్‌కి పిడి ఉండాలన్న నిబంధన ఉంది. ఇక్కడ పట్టుకోవడానికి పక్కమనిషి భుజమే.

ఆ ఛాతీ కూడా క్షేమంగా లేదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండ్ల మీదున్నవాళ్ళు. మొత్తం మృతుల్లో నూటికి ఎనభై మందికి పైగా మగవాళ్ళు. నడిపేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ కాబట్టి పోయేవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ అనొచ్చు, అది నిజమే. కానీ భయపడటం ఆడతనం, బ్రేకు వేయడం పిరికితనం అని చిన్నప్పటినుంచి బొమ్మలు వేసి చూపించాక, ఇరవై ఏళ్ళ కుర్రాడి కుడిచేతి మీద దాని ప్రభావం ఏమీ ఉండదని నన్ను నమ్మమంటే నేను నమ్మలేను.

"ఏంటి గురూ, సరదా ప్రకటనని పట్టుకుని ఇంత సీరియస్ అవుతావు? ప్రకటన చూసి ఎవడైనా మగాడైపోతాడా?" అని మీలో కొందరైనా అంటారు. మా టీములో ఇప్పటికే అన్నారు. నిజమే, ఒక్క ప్రకటన ఏమీ చేయదు. కానీ మనం రోజూ చూస్తున్నదే కదా, ఫారంలో డిఫాల్ట్ విలువ ఒకటి పెట్టేస్తే ఎక్కువమంది దాన్ని మార్చరు. ప్రకటనలు చేసింది అదే. బండి అనగానే డ్రైవరు గడిలో "మగ" అని, వెనక సీటు గడిలో "ఆడ" అని ముందే నింపేశాయి. మార్చుకునే వీలు లేదని కాదు. మార్చుకోవాలంటే ప్రతి ఆడపిల్లా ఇంట్లో ఒక పెద్ద వాదన గెలవాలి. మగపిల్లాడికి ఆ వాదనే లేదు.

కొన్నిచోట్ల ఈ డిఫాల్ట్‌ని మార్చే ప్రయత్నాలు జరిగాయి. బ్రిటన్‌లో 2019 జూన్‌లో హానికరమైన ఆడ, మగ మూసల మీద నిబంధన వచ్చింది. ఆగస్టులో దాని కింద మొదట నిషేధించిన రెండు ప్రకటనల్లో ఒకటి ఫోక్స్‌వాగన్ ఎలక్ట్రిక్ కారుది. మగవాళ్ళంతా సాహసాలు చేస్తుంటే ఆడమనిషి పిల్లబండి పక్కన కూర్చుని ఉంటుంది అందులో. మన దగ్గర 1985 నుంచి ఉన్న ప్రకటనల ప్రమాణాల మండలి 2022 జూన్‌లో ఇలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది. నిషేధాలతో అంతా మారిపోతుందని నాకు నమ్మకం లేదు. సరుకు ఒకటి మారితే మాటలు వాటంతటవే మారతాయి. ఎలక్ట్రిక్ స్కూటర్లు వచ్చాక కిక్కూ లేదు, గేర్లూ లేవు, చప్పుడూ లేదు. ఒకప్పుడు ఆడవాళ్ళ బండి అని వెక్కిరించిన లక్షణాలన్నీ ఉన్న బండి మీదే ఇప్పుడు గచ్చిబౌలిలో మగ ఇంజనీర్లు ఆఫీసుకి వెళుతున్నారు. 2020లో చేతక్ కూడా బ్యాటరీతో తిరిగొచ్చింది. 2021లో ఓలా వాళ్ళు కృష్ణగిరి జిల్లాలోని తమ స్కూటర్ ఫ్యాక్టరీని పూర్తిగా ఆడవాళ్ళతోనే నడిపిస్తామని ప్రకటించారు. అదే 2021లో "బుల్లెట్టు బండి" పాట తెలుగునాట పెళ్ళిళ్ళన్నిటిలో మోగింది. పాడింది మోహన భోగరాజు, ఎగిరి గంతేసింది పెళ్ళికూతుళ్ళు. పాటలో మాత్రం బండి పెళ్ళికొడుకుదే.

నాకు బండ్లంటే ఇష్టం లేక ఇదంతా రాయలేదు. బుల్లెట్ ఎక్కి శ్రీశైలం ఘాట్ దాకా వెళ్ళొచ్చినవాణ్ణే, మళ్ళీ వెళతాను కూడా. ఆ ఇంజను చప్పుడు వింటే నాకూ బాగుంటుంది. ఆ బాగుండటానికి మగతనం అని పేరు పెట్టి ఇంట్లో సగంమందిని వెనక సీటుకి పంపించక్కర్లేదు అన్నదే నా గోల.

ఈసారి మిరపకోతల రోజుల్లో ఊరెళ్ళినప్పుడు చిలకలూరిపేట దాటాక పొద్దున ఆరింటికి రోడ్డు పక్కన ఓ ఐదు నిమిషాలు ఆగండి. ఎదురుగా వచ్చే ట్రాక్టరు బానెట్ మీద పేరు చదవండి. అది మిమ్మల్ని దాటి వెళ్ళాక వెనక ట్రక్కులో ఎంతమంది నిలబడి ఉన్నారో, వాళ్ళు దేన్ని పట్టుకుని ఉన్నారో చూడండి. తర్వాత ఇంటికెళ్ళి అమ్మనో చెల్లినో "బండి నేర్పనా?" అని అడగండి. మా అమ్మ ఎక్సెల్ మీద చేను దాకా తనే వెళ్ళడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. వెనక కూర్చుని వెళ్ళేది ఇప్పుడు మా నాన్న.